మచ్చకాయ వ్యాఖ్యానం

మూలం (నందికొట్కూరు, పురుగుమందుల అంగడి): "కాయంతా మచ్చొచ్చెనన్నా. పట్టుకుంటే మెత్తగ పోతాంది. మందేమన్నా ఉంటే ఇయ్యి."

అవతారిక: కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు, మాఘుడికి రాశాడు, మిరప రైతును వదిలేశాడు. ఆ లోటు తీర్చే సాహసమిది.

టీక: కాయ = మిరపకాయ, అందునా పండుకాయ; ఈ తెగులుకు దానిమీదే మక్కువ. మచ్చ = గుంటపడి, నల్లచుక్కలు వలయాలుగా తేలిన కాయకుళ్ళు. కర్త కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం. 1913లో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు సిడో ఇందులో ఒక జాతిని వర్ణించింది కోయంబత్తూరు మిరపకాయల మీద. అప్పట్లో కోయంబత్తూరుదీ, నందికొట్కూరున్న కర్నూలు జిల్లాదీ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. వచ్చెను = వాన చినుకుతో చింది వచ్చి, తడిమీద మొలకెత్తి, కాయను కరుచుకుని సన్నని మేకు దింపెను. కాయ నిగనిగకు కారణమైన క్యూటిన్ పొరను క్యూటినేజ్ అనే ఎంజైము కరిగిస్తుంది. మెత్తగ = మూలానికి ప్రాణమిదే. కణానికీ కణానికీ నడుమ అతుకు పెక్టిన్. పెక్టినేజులు దాన్ని విప్పేస్తే, ఇటుకలుండగానే సున్నం కరిగిన గోడవుతుంది కాయ. తెగిన పెక్టిన్ ముక్కలే మొక్కకు హెచ్చరిక కూడా. వాటిని పసిగట్టీ అది ఎదురు తిరుగుతుంది.

ఆక్షేపం: పొరను తెరిచేది ఎంజైమా, మేకు బలమా? ఇక్కడ పండితులు కొట్టుకున్నారు. గాయముంటే తప్ప బొప్పాయిలో దూరలేని శిలీంధ్రానికి క్యూటినేజ్ జన్యువును అతికిస్తే, గాయంలేని కాయలోనూ దూరిందని 1989లో డిక్‌మన్, కొలత్తుకుడి, మన తెలుగాయన పొదిల గోపీకృష్ణ చూపారు. 1992లో స్టాల్, షేఫర్ బఠానీ తెగులు శిలీంధ్రంలో ఆ జన్యువునే చెడగొట్టారు, తెగులు ఆగలేదు. 1994లో కొలత్తుకుడి బృందం తానూ చెడగొట్టి చూసి, తీవ్రత తగ్గిందంది.

సమాధానం: ఇద్దరిదీ నిజమే కావచ్చు. శిలీంధ్రం ఒక్క ఎంజైమునే నమ్ముకుని బతకదు. మిరప మీద మేకూ, ఎంజైమూ కలిసే పనిచేస్తాయని నా పక్షం.

తాత్పర్యం: మచ్చ కంటపడేసరికే ఆ కాయలో పని జరిగిపోయింది. ఏ మందూ దాన్ని మళ్ళీ గట్టిపరచదు. కొట్టేది పక్కకాయ కోసం. తెగులు విత్తనంలోనూ దాగుతుంది గనుక ఈ సంభాషణ విత్తనశుద్ధి నాడే జరగాల్సింది.

పాఠాంతరం: "మందేమన్నా ఉంటే అప్పుకియ్యి" అని కొన్ని ప్రతుల్లో ఉంది. శిలీంధ్రానికి తేడా లేదు. అంగడాయన ముఖంలోనే తేడా.