రూపాయి బిళ్లంత గొంతు

నా పేరు ఇన్‌టేక్ మానిఫోల్డ్. షెడ్డులో అలా ఎవరూ పిలవరు, 'గాలి డబ్బా' అంటారు. ఇంజిన్‌కు గాలి తాగించడమే నా కొలువు మరి.

పుట్టింది పటాన్‌చెరు ఐడీఏలో, ఒక రేకుల షెడ్డులో. దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు సుప్రా పోటీకి సొంతంగా రేసు కారు కడుతున్నారు. మన దేశంలో 2011లో మొదలైన ఆ పోటీలో ఒక నిబంధన నా తలరాత రాసింది: పెట్రోల్ ఇంజిన్‌లోకి వెళ్లే గాలంతా 20 మిల్లీమీటర్ల గుండ్రటి గొంతు ఒక్కదాని గుండానే పోవాలి. కొత్త రూపాయి బిళ్లంత! ఇంజిన్ బలానికి వేసిన ముకుతాడు అది. ఆ గొంతులో గాలి ధ్వని వేగం అందుకుందంటే, ఆపైన ఇంజిన్ ఎంత గుంజినా అదనంగా ఏమీ రాదు.

పిల్లలు తెచ్చింది 373 సీసీ కేటీఎం ఇంజిన్. ఒకటే సిలిండర్. నిమిషానికి 9,000 చుట్లు తిరిగితే, రెండు చుట్లకో గుక్క లెక్కన సెకనుకు 75 గుక్కలు. గొంతేమో సన్నం, గుక్కేమో పెద్దది.

"నల్లా సన్నగొస్తే ఇంట్ల ఏంజేస్తరు తమ్మీ?" అన్నాడు లేత్ మీదున్న మేస్త్రీ.

"సంపు కట్టుకుంటం గదన్నా."

అలా నాకు పొట్ట వచ్చింది. వాల్వు మూసి ఉన్నప్పుడూ గాలి వస్తూనే ఉంటుంది, నాలో నిండుతుంది. పొట్ట మరీ పెరిగితే యాక్సిలరేటర్ తొక్కినా ఇంజిన్ ఆలస్యంగా పలుకుతుంది. తగ్గితే ఆకలితో దగ్గుతుంది. గొంతు దాటాక కోన్ ఒక్కసారిగా వెడల్పైతే గాలి గోడను వదిలి సుడి తిరుగుతుంది. అందుకే ఆరేడు డిగ్రీల వాలుతో పొడుగ్గా మలిచారు.

పొట్ట నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టం దగ్గర మాత్రం రాత్రుళ్లు జాగారమే. వాల్వు మూసుకోగానే లోపలి గాలి అలలా వెనక్కి తన్నుతుంది. అది తిరిగొచ్చే వేళకు వాల్వు తెరుచుకుంటే కొసరు గాలి దక్కుతుంది. గొట్టం పొడుగైతే తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు, పొట్టిదైతే ఎక్కువలో.

అల్యూమినియం రేకు కోసి, ఆర్గాన్ వెల్డింగ్‌తో అతికి, ఇంజిన్‌కు బిగించారు. స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ నిలవలేదు, ఆర్‌పీఎం ఎక్కుతూ దిగుతూ ఊగింది. పిల్లలు రెండు రోజులు ల్యాప్‌టాప్‌లో తప్పు వెతికారు. మేస్త్రీ మాత్రం దేవుడి పటం ముందున్న అగరుబత్తి తీసి, పెట్రోల్ పైపుకు ఎడంగా, నా అతుకుల వెంట మెల్లగా జరిపాడు. నిటారుగా లేస్తున్న పొగ ఒకచోట వంగింది. సన్నటి దారంలా నా డొక్కలోకి దూరిపోయింది.

"గిదిగో, దొంగ తొవ్వ!"

అతుకు చెక్కి మళ్లీ వెల్డింగ్ కొట్టారు. ఇంజిన్ నిలకడగా పాడింది. అప్పుడు ఒకడు, గాలి ఇంకెక్కడి నుంచైనా దూరుతుందేమో చూద్దామని, నా నోటికి రబ్బరు ముక్క అడ్డం పెట్టాడు. ఇంజిన్ టక్కున ఆగిపోయింది.

షెడ్డంతా చప్పట్లు. బండి ఆగితే చప్పట్లు కొట్టడం ఆ వీధిలో అదే మొదటిసారేమో.