నంబరు చూసి అమ్ముకున్న బండి

మూడేళ్ల కింద నా పాత హోండా సిటీని అమ్మేశాను. 1.5 లీటర్ల వీటెక్ ఇంజిన్, 106 హార్స్‌పవర్, ఐదు గేర్లు. కొత్త సెడాన్ కాగితం మీద 150 అని రాసి ఉంది. తేడా 44. ఆ 44 అంతా సంతోషమే అనుకున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ మోసం చేయలేదు. తప్పు నాదే.

మాది వనపర్తి. ఉద్యోగం నాగర్‌కర్నూల్‌లో, అత్తగారిల్లు గద్వాలలో. పొద్దున గోపాల్‌పేట మీదుగా పోయి రావడం, పండుగలకు పెబ్బేరు దగ్గర 44వ నంబరు హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాలకు మళ్లడం, అన్నీ ఆ సిటీలోనే. గేర్ రాడ్డు మీద అంకెలు నా అరచేతికి అరిగిపోయాయి.

ఆ బండి విలువ నల్లమలలో తెలిసేది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి మూసేస్తారు. చీకటితోనే వెళ్లి, గేటు తెరిచేదాకా టీ తాగుతూ నిలబడేవాణ్ణి. దోమలపెంట దాటాక పాతాళగంగ వైపు దిగే మలుపుల్లో స్పీడు నలభై కూడా ఉండదు. మలుపుకు ముందే బ్రేకు నొక్కితే బండి బరువు ముందు టైర్ల మీదికి దిగుతుంది, కాలు కొద్దికొద్దిగా వదులుతుంటే అది కాసేపు అక్కడే నిలుస్తుంది. అప్పుడు స్టీరింగు కొంచెం తిప్పితే చాలు, ముక్కు లోపలికి తిరుగుతుంది. టైరు పట్టు సడలబోతుంటే స్టీరింగు చేతిలో తేలికవుతుంది. జారకముందే చేతికి కబురు వస్తుంది. మలుపు బయటపడ్డాక రెండో గేర్లో ఇంజిన్ను పైదాకా లాగితే, ఒక చోట వాల్వులు ఇంకాస్త లోతుగా తెరుచుకుని గొంతు మారేది. టన్నుకు అటూ ఇటూ ఉన్న బండి కాబట్టి అడిగిందల్లా వెంటనే చేసేది.

1989లో మాజ్దా వాళ్లు మియాటా అని రెండు సీట్ల బండి తెచ్చారు. ఇంజిన్ 1.6 లీటర్లు, బరువు టన్ను లోపే. అంతకన్నా బలమైన బండ్లు ఎన్నో ఉండగా, బండి తోలడం ఇష్టమున్నవాళ్లు దేశదేశాల్లో దాన్నే ప్రేమించారు. ఈ సంగతి నేను సిటీని అమ్మకముందే చదివాను. చదివి కూడా 150 వైపే చూశాను.

కొత్త బండి హైవే మీద బాణంలా పోయేది. కానీ బరువు ఎక్కువ, గేర్లు వాటంతట అవే పడతాయి, స్టీరింగు మెత్తగా తిరుగుతుందే గానీ కింద రోడ్డు ఎట్లుందో చెప్పదు. వెలితి దేనిదో ఆలోచించకుండా మళ్లీ డబ్బులు పెట్టాను. చక్రాలు తీసి 17 అంగుళాలవి, పక్కగోడ ఎత్తు తక్కువున్న టైర్లు, పొట్టి స్ప్రింగులు వేయించాను. చక్రం బరువెక్కితే గుంతలో దిగి లేవడం ఆలస్యమవుతుంది. స్ప్రింగుకు కదిలే జాగా లేకపోతే దెబ్బ నేరుగా బాడీకి తగులుతుంది. టైరు నేలను వదిలిన ఆ క్షణంలో స్టీరింగూ బ్రేకూ ఉన్నా లేనట్టే. ఊళ్లో ప్రతి స్పీడ్ బ్రేకర్ మీదా అడుగు గీసుకునేది.

ఆ యాసంగిలో పల్లికాయ పీకే రోజులు. పెబ్బేరు రోడ్డులో సగం దాకా కాయ ఆరబోశారు. నేను వేగంగా వచ్చి చివరి నిమిషంలో బ్రేకు తొక్కాను. బండి ఎగిరి, జారి, కాయ మీదికెక్కి ఆగింది. టైరు పక్కగోడ చిట్లింది. పొరక పట్టుకున్న ఒక పెద్దమ్మ రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. చేతులు వణుకుతుండగా దిగాను. ఆమె తిట్టలేదు.

"మెల్లగ పోరాదు బిడ్డా, గింత జల్ది ఎవలు రమ్మన్నరు?" అంది.

తర్వాత కూర్చుని నలిగిన కాయను ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టసాగింది. పప్పు పచ్చిగా, తెల్లగా చితికి తారుకు అంటుకుంది. నేనూ పక్కన కూర్చుని ఏరాను. డబ్బులిస్తే నలిగినంతకే తీసుకుని మిగతాది నా చేతిలో పెట్టింది. ఆ చేయి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ వారమే పాత చక్రాలు, పాత స్ప్రింగులు మళ్లీ వేయించాను.

పోయిన చలికాలం పెబ్బేరు సంతలో నా సిటీ కనబడింది. వెనక సీటు మీద దాణా బస్తా ఉంది. కొన్నాయన ఎడ్లు చూడ్డానికి వచ్చాడట. అడగ్గానే తాళంచెవి ఇచ్చాడు. బీచుపల్లి దాకా పోయి వచ్చాను. గేర్ రాడ్డు మీద చేయి పడగానే అరిగిన చోటు అట్లనే తగిలింది. తిరిగొచ్చి, ఎంతకిస్తారని అడిగాను.

"అమ్మను సార్," అన్నాడు. "ఇది మంచిగ మాట వింటది."