మోటారు పోయిందన్నారు

తన గురించి చెప్పుకునేటప్పుడు ఈ మోటారు ‘నేను’ అనదు. 12 వోల్టుల డీసీ మోటారుకు అంత దర్జా ఎక్కడిది? ఉండేది సినిమావాళ్ల క్యారవాన్ అడుగున. పని ఒకటే: బండి ఆగాక ఒక పక్క గదిని సోఫాతో సహా బయటికి తోయడం, బయల్దేరే ముందు లోపలికి లాక్కోవడం.

ఈ జాతికి పుట్టిల్లు అమెరికా. అక్కడ రోడ్డెక్కే బండి వెడల్పు సాధారణంగా 8.5 అడుగులు దాటకూడదు. ఇంటినే వెంట తిప్పుకోవాలనుకునేవాళ్లకు అది ఏ మూలకు? ఆగినప్పుడే పెరిగే గది ఉంటే సరి. ఇండియానా రాష్ట్రం నపానీలోని న్యూమార్ కంపెనీ 1990లో ఇలాంటి గదుల్ని మార్కెట్లోకి తెచ్చింది. మన మోటారు వాహనాల నిబంధనలు చెప్పే 2.6 మీటర్ల వెడల్పు కూడా ఇంచుమించు ఆ ఎనిమిదిన్నర అడుగులే. అల్లు అర్జున్ 2019లో తన క్యారవాన్‌కు ‘ఫాల్కన్’ అని పేరు పెట్టుకుంటే ఊరూవాడా చెప్పుకున్నారు. అడుగున పడుండే మోటార్లకు పేర్లుండవు, తిట్లే ఉంటాయి.

ఈ మోటారు అవి తిన్నది చిట్గుప్ప దగ్గర. హైదరాబాద్ నుంచి పుణె వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తూ, జహీరాబాద్ దాటి బీదర్ జిల్లాలోకి వచ్చాక, భోజనాలకు ఆగారు. గది బుద్ధిగా బయటికి వచ్చింది. తిని, చేతులు కడుక్కుని స్విచ్ నొక్కితే ‘టక్’ అని చిన్నగా మూలిగి ఊరుకుంది. మళ్లీ నొక్కితే మళ్లీ టక్.

“మోటారు పోయింది” అని డ్రైవరు తేల్చేశాడు. ఫోన్లో మేనేజరు తాను చూడకుండానే అవునన్నాడు. చేతి హ్యాండిల్‌తో తిప్పబోతే కదల్లేదు. కదలదు మరి, వెనక ఉన్న బ్రేకు లివర్ విప్పకుండా తిప్పితే! (విప్పినవాళ్లు తిరిగి బిగించడం మరిచారో, మలుపులో గది దానంతటదే బయటికి జారుతుంది.)

చిట్గుప్ప నుంచి వచ్చిన వైరింగ్ మిస్త్రీ రోజూ చూసేవి ట్రాక్టర్లు, చెరకు లారీలు. హైదరాబాద్ రాష్ట్రంలో ఉండి 1956లో మైసూరు రాష్ట్రానికి వెళ్లిన ప్రాంతం కదా, అతని నోట కన్నడం, దక్కనీ, తెలుగు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. బండి కిందికి దూరి చూసి, “సెల్ఫ్ మోటారు అసుంటిదే గదన్నా ఇది” అన్నాడు. ఆ ఒక్క ముక్కతో ఈ మోటారుకు ప్రాణం లేచొచ్చింది. టక్‌మంటున్నది స్విచ్ నొక్కితే మోటారుకు కరెంటు వదిలే రిలే. అంటే స్విచ్ మాట వినబడుతోంది, చాలనిది కరెంటు.

మోటారు కొసలకు మీటరు పెట్టి, “నొక్కి పట్టుకో అన్నా, ఇడ్వకు” అన్నాడు. ఇందులో ఉంది కిటుకంతా. పని చెప్పనప్పుడు తుప్పు పట్టిన జాయింటు కూడా 12 వోల్టులు చూపిస్తుంది. కరెంటు లాగితేనే దాని బండారం బయటపడుతుంది. స్విచ్ నొక్కి ఉండగా బ్యాటరీ దగ్గర 12.1, మోటారు దగ్గర 8.3. మిగిలింది దారిలో ఎక్కడో కారిపోతోంది. బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు దాకా కొలిస్తే 0.3 పోతోంది. ఎర్త్ వైపు కొలిస్తే 3.5!

ఇక వెతకడం ఒక్క తీగ వెంబడే. రిలే దాటాడు, బాగానే ఉంది. తీగ ఛాసిస్‌ను అంటుకునే చోట థింబుల్ కింద ఆకుపచ్చ చిలుము, బోల్టు చుట్టూ తుప్పు, దాని మీద బీదర్ ఎర్రదుమ్ము. బ్యాటరీ తీగ పీకి, బోల్టు విప్పి, ఎమ్రీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్దాడు. పళ్ల వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు పూశాడు. తీగ తిరిగి తగిలించి నొక్కితే గది లోపలికి వచ్చింది, నడుమ ఆగకుండా, ఎక్కడా వంకర పోకుండా.

“ఎంతియ్యాలె?” అంటే సెల్ఫ్ మోటారు పనికి తీసుకునేదే అడిగాడు. మేనేజరు మాత్రం అప్పటికే కొత్త మోటారుకు డబ్బు కట్టేశాడట. అది తర్వాత వచ్చింది, సీలు కూడా విప్పలేదు. ఇప్పుడు అదే గదిలో సోఫా కింద అట్టపెట్టెలో పడుకుని ఉంటుంది. దాని బరువు కూడా ఈ మోటారే లాగుతోంది.