ఇంటి అనుమతి పద్యమునకు టీకా తాత్పర్యములు

వాస్తు చెప్పిన వాకిలి వదలుకొంటి
మీటరున్నర ముందర మిగులజేసి
ఇంకుగుంతను గీసితి నింటివెనుక
ఐన షార్టుఫాలని వచ్చె నకట! ఫోను

అవతారిక: తెలంగాణలోని యొక పురపాలికలో నూటయేబది గజముల స్థలము కొన్న గృహస్థుడు, ప్లాను గీసిన ఇంజినీరు నెదుట వాపోవుచున్నాడు. స్థలము దక్షిణముఖము. కవి పేరు తెలియదు. దరఖాస్తు నంబరు తెలియును గాని మిక్కిలి దీర్ఘమగుటచే ఏ వృత్తమునను ఇమడదు.

ప్రతిపదార్థము: వాస్తు చెప్పిన = సిద్ధాంతిగారు దక్షిణ పుచ్చుకొని నిర్ణయించిన; వాకిలి = ద్వారమును; వదలుకొంటి = విడిచితిని; ముందర = రోడ్డు వైపున; మీటరున్నర = ఐదడుగులకు అంగుళము తక్కువగా; మిగులజేసి = ఖాళీగా ఉంచి (మిగిలినది వానికి కాదు); ఇంటివెనుక = ఇంటికి వెనుకవైపున; ఇంకుగుంతను = వాననీరు భూమిలోనికి దిగు గోతిని; గీసితిన్ = గీసితిని; ఐన = అయినప్పటికిని; అకట = అయ్యో; షార్టుఫాలని = ఏదియో తక్కువైనదని; ఫోను = ఫోనులోని మెసేజి; వచ్చెన్ = వచ్చినది.

తాత్పర్యము: శాస్త్రమును విడిచి చట్టమును పట్టుకొన్నను పని కాలేదు.

వ్యాఖ్య: "వాస్తు చెప్పిన" అనుటలో పెద్ద కథ యున్నది. వాకిలి యొక్కటే కాదు, ఉత్తరమున ఎక్కువ ఖాళీ, దక్షిణమున తక్కువ ఖాళీ ఉండవలెననియు సిద్ధాంతి మతము. భవన నియమములు చెప్పు 2012 నాటి 168వ జీవోకు దిక్కులు లేవు, రోడ్డే దిక్కు. 100 నుండి 200 చదరపు మీటర్ల స్థలమునకు, చిన్న రోడ్డైనచో, ముందు 1.5 మీటర్లు, తక్కిన మూడు వైపుల ఒక్కొక్క మీటరు వదలుమనును. మన కవికి ముందన్నది దక్షిణమే. అంతకు మించి ఉత్తరమున రెండు మీటర్లు వదలరాదా యందురేమో, వదలవచ్చును. అప్పుడు వదలవలసినది పడకగదిని.

కొలతలను గూర్చి యొక మాట. స్థలము అమ్మినవాడు గజములలో అమ్మెను, జీవో మీటర్లలో మాటలాడును, మేస్త్రికి అడుగులు తప్ప తెలియవు. నూటయేబది గజములనగా సుమారు 125 చదరపు మీటర్లు. ఈ మూడు భాషల నడుమ ప్రతి గోడయు కొంచెము జరుగును. జరిగిన గోడ ఎప్పుడును రోడ్డువైపుకే ఏల జరుగునో వ్యాఖ్యాతకు తెలియును, చెప్పడు.

"ఐన" అను పదము పద్యమునకు ప్రాణము. 2020లో వచ్చిన బీపాస్ చట్టము ప్రకారము 75 గజముల లోపు చిన్న ఇంటికి అనుమతియే అక్కరలేదు, రూపాయి కట్టి నమోదు చేసికొన్న చాలును. 500 చదరపు మీటర్ల వరకు, పది మీటర్ల ఎత్తు మించకున్న, స్వీయ ధ్రువీకరణముపై తక్షణానుమతి. పెద్ద భవనములకు 21 దినముల గడువు. మన కవికి తక్షణానుమతి తక్షణమే వచ్చినది. తనిఖీ తరువాత వచ్చును. ఆ నడిమి కాలమున పిల్లర్లు లేచినవి. ఈ సంగతి "ఐన"లో గర్భితము.

"ఫోను": ఆధారమును చెప్పి ఆధేయమును గ్రహింపుమనుట లక్షణ. నిజముగా ఫోనే వచ్చియుండిన, తక్కువైనదేమని అవతలివానిని అడుగ వీలుండెడిది.

"షార్టుఫాలు" ఏదన్న విషయమున వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయము లేదు. ఈసీ (ఋణభార ధ్రువపత్రము) పాతదైనదని ఒకరు. లింకు డాక్యుమెంటులో ఒక పుట వంకరగా స్కానైనదని వేరొకరు. అనుమతి లేని లేఅవుటు కనుక ఎల్ఆర్ఎస్ (లేఅవుటు క్రమబద్ధీకరణ) రుసుముతో పాటు, ఖాళీ స్థలము వదలని పాపమునకు ప్లాటు విలువలో 14 శాతము కట్టవలెనని మూడవవారు. ఈ మూడవ మతమే బలీయము. అన్నిటికన్న ఖరీదైనది కనుక.

ఛందస్సు: తేటగీతి. రెండు, మూడు పాదముల చివర సంధి చేయక విసంధిగా విడిచినాడు. దోషమని కొందరందురు. గోడకు గోడ తాకరాదన్న నియమమును కవి పద్యమునను పాటించెనని మా సమాధానము. నాలుగవ పాదమున ఐకారమునకు అకారముతో యతి చెల్లినది. ఇంతవరకు చెల్లినది అదొక్కటే.

పాఠాంతరము: మూడవ పాదమున "తవ్వితి" అని యొక పాఠము కలదు. గణమునకు భంగము లేదు. ప్లానులోని ప్రతిలో "గీసితి" అనియే యున్నది. నిర్ణయింప గోరి వ్యాఖ్యాత స్వయముగా సైటుకు పోయెను. ఇంటివెనుక నిజముగనే ఒక పెద్ద గొయ్యి తవ్వుచుండిరి. ఇంకుడుగుంతయేనా యని అడుగగా మేస్త్రి పార ఆపి, "సెప్టిక్ ట్యాంకు సార్, అదీ గుంతే కదా" అనెను.