విప్పి చూస్తే గాని: సటీకా తాత్పర్యము

మూలము: “బండి ఉంచెళ్ళండి సార్, విప్పి చూస్తే గాని చెప్పలేం.”

అవతారిక: విజయవాడ ఆటోనగరులో నొకానొక షెడ్డునకు, మీటర్ల నడుమ పసుపుపచ్చని ఇంజను దీపము వెలుగుచున్న కారుతో వచ్చి, ‘ఎంతవుతుంది?’ అని దీనస్వరమున ప్రశ్నించిన యజమానికి మెకానిక్కు అనుగ్రహించిన ఉత్తరమిది.

ప్రతిపదార్థము: బండి = వాయిదాలింకను తీరని కారును; ఉంచి = తాళముచెవితో కూడ నప్పగించి; వెళ్ళండి = ఆటోలో నింటికి పొండు; సార్ = ఓ అనభిజ్ఞుడా; విప్పి చూస్తే గాని = అంగములను వేరుచేసి పరీక్షించిన గాని; చెప్పలేం = రోగమునైనను రొక్కమునైనను నిర్ణయింపజాలము.

టీక: ‘అంబాసిడరు కాలమున బానెట్టెత్తి, చెవియొగ్గి విని, కార్బురేటరును సవరించి, పాయింట్లు గీకి, నిలుచున్నపాటుననే రోగము చెప్పెడివారు గదా, స్టీరింగు క్రింది పదునారు పిన్నుల సాకెట్టునకు స్కానరు తగిలించినంతనే దోషసంఖ్య తెరపై బడు నీ కాలమున చెప్పలేమనుట వంచన గాదా?’ అని పూర్వపక్షము. కాదని సిద్ధాంతము. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్ 6 నియమములకు లోబడిన పెట్రోలు కారులో ఇంధనపు పాలును, నిప్పురవ్వ వేళను కంప్యూటరే సెన్సార్ల సాక్ష్యముపై నిర్ణయించుచుండును. పి0171 అను సంఖ్య పడెననుకొందము. పెట్రోలుకు తగిన పాలుకంటె గాలి హెచ్చైనదని దాని యర్థము. హెచ్చుటకు కారణము గొట్టపు పగులో, మాసిన గాలి సెన్సారో, నీరసించిన పెట్రోలు పంపో కావచ్చును. సంఖ్య లక్షణమునే చెప్పును, నిదానమును చెప్పదు. కావున సంఖ్య చదివినంతనే సెన్సారు మార్చువాడు త్వరితుడు. విప్పి చూడనిమ్మనువాడు శాస్త్రజ్ఞుడు.

అయినను ఈ వాక్యమునే వంచకుడును పలుకును. శబ్దమొక్కటియై అభిప్రాయము ద్వివిధమైనప్పుడు మీమాంసకులు చెప్పిన షడ్లింగములే, అనగా వాక్యతాత్పర్యమును తెలుపు ఆరు గుర్తులే, శరణ్యము. ఉపక్రమోపసంహారములనగా, వ్రాసియిచ్చిన అంచనాకును తుది బిల్లునకును పొందిక. అభ్యాసమనగా, ఉదయము చెప్పిన కారణమునే సాయంకాలమడిగినను చెప్పుట. అపూర్వత యనగా, గొట్టములలోనికి పొగయెక్కించి, స్కానరు చెప్పని రంధ్రమును కనుగొనుట. ఫలమనగా, దీపమును స్కానరుతో నార్పివేయుట గాక, కొన్నాళ్ళు నడిపినను అది మరల వెలుగకుండుట. అర్థవాదమన్ననో, ‘ఇలాగే వదిలేస్తే ఇంజనే పోతుంది’ అను బెదిరింపు. ఇది యెంత తగ్గిన నంత మేలు. ఉపపత్తి యనగా, తీసిన పాత భాగమును చేతికిచ్చి ‘ఇదిగో, ఇక్కడ పగిలింది’ అని చూపుట. ఈ ఆరింటిలో కడపటిదియే బలవత్తరము, కంటికి కనబడునది గనుక. వారంటీ యున్నంతవరకు కంపెనీ సర్వీసు సెంటరే గతి యైనను, అచ్చటి చల్లని గది, కాఫీ, తళతళలాడు బోర్డు ఈ లింగములలో చేరవు.

తాత్పర్యము: కారణమెరుగక మునుపే ధర చెప్పువానికంటె, కారణము చూపి ధర చెప్పి, మన యనుమతి గైకొన్న పిమ్మటనే పానా పట్టువానికి తాళముచెవి నీయవలెనని భావము.

పాఠాంతరము: “విప్పాం సార్, ఇంకో రెండు పోయాయి” అని కొన్ని ప్రతులందు కలదు, సాయంకాలపు ఫోనులలో నీ పాఠము ప్రచురము. అచ్చట “ఆ రెండూ అలాగే ఉంచండి, వచ్చి చూస్తాను” అనునదే పరిష్కర్తలు సూచించు సవరణ.