జీతగాడు ‘కె’

చిక్కబళ్లాపురం జిల్లా పేరేసంద్రలో ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే. రాసింది చదవచ్చు, పలికింది రాయచ్చు. ఇంత సుఖం మనకెందుకని పిల్లల్ని ఇంగ్లీషు మీడియం వ్యానెక్కిస్తున్నాం.

సాయంత్రం అరుగు మీద మనవడు ‘కె, ఎన్, ఐ, ఎఫ్, ఈ... నైఫ్’ అని బట్టీ కొడుతుంటే అవ్వకు అనుమానమొచ్చింది.

“ముందున్న కె ఏమైందిరా?”

“అది సైలెంట్ అవ్వా.”

“ఓహో, మస్టర్లో పేరుండి పనికి రానోళ్ల మాదిరా!”

పాపం, ఆ కె ఒకప్పుడు నోరున్నదే. ఇంగ్లీషువాళ్లు దాన్ని పలకడం మానేశారు గానీ పేరు కొట్టెయ్యలేదు. ‘డెట్’లో బి అయితే పుట్టు మూగ. లాటిన్ మోజుతో పండితులు దాన్ని మధ్యలో ఇరికించారు. అప్పు అనే మాటలోనే దొంగలెక్క! ఇక ఓ, యు, జి, హెచ్ అనే నలుగురి ముఠా ‘టఫ్’లో ఒక కూత కూస్తుంది, ‘దో’లో ఇంకోటి, ‘త్రూ’లో మరోటి.

ఈ గోల పడలేక బెర్నార్డ్ షా కొత్త లిపి కోసం వీలునామాలో డబ్బు రాసి 1950లో కన్నుమూశాడు. లిపి తయారైంది, 1962లో ఆయన నాటకం ఒకటి అందులో అచ్చయింది. స్పెల్లింగు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

మనమేం తక్కువ? 2014లో బ్యాంగ్లూరును బెంగళూరు చేసుకున్నాం. చిక్కబళ్లాపురానికి మాత్రం ఇంగ్లీషులో ఒకచోట ఒక కె, మరోచోట రెండు. రెండో కె సైలెంటో, సెలవులో ఉందో హైవే బస్సు కండక్టరే చెప్పాలి.