గొంతుకు ఇస్త్రీ

1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ఆ ఊళ్లోనే ఘంటసాల మాధుకరంతో కడుపు నింపుకుని పాట నేర్చారు. సుశీల పుట్టిందీ, సంగీతం చదివిందీ అక్కడే.

మా శ్రీకాకుళం మిత్రుడికి ఇవేవీ అక్కర్లేదు, లాప్‌టాప్ ఉంది. స్వరం తప్పితే ఆటోట్యూన్ దిద్దుతుంది, జముకు మోత లూపులో దొరుకుతుంది. ‘శ్రుతి ఏదిరా?’ అంటే, ‘అది మిషను సూసుకుంతాది, నువ్వు లైకు కొట్టు’ అన్నాడు.

మొన్న అమ్మవారి సంబరాల్లో స్టేజీ ఎక్కాడు. పల్లవి సగంలో ఉండగా కరెంటు పోయింది. పాటా పోయింది. పక్క వీధిలో తప్పెటగుళ్ల వాళ్లు మాత్రం ఆగలేదు.

తుపాన్ల జిల్లాలో గాయకులయ్యేవారికి ఒకటే మాట: ముందు సాధన చేయండి, సాఫ్ట్‌వేర్ తర్వాత కొందురుగాని!